పీహెచ్‌పీలో ఆబ్జెక్టు ఏ క్లాసుదో ఇఫ్‌లో చూడడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ముందుగా ఒక మాట. ఈ పేజీలో కోడ్‌ని కూడా పలికినట్టే తెలుగు అక్షరాల్లో రాశాను. ఇఫ్, ఇన్‌స్టన్స్‌ఆఫ్, గెట్_క్లాస్ లాంటి భాషలోని పదాలను మీ ఎడిటర్‌లో ఎప్పటిలాగే ఇంగ్లీషు అక్షరాలతో కొట్టండి. మనం పెట్టుకున్న క్లాసు పేర్లు, వేరియబుల్ పేర్లు మాత్రం తెలుగులోనే ఉన్నా పీహెచ్‌పీ కాదనదు. ఫైలు యూటీఎఫ్-8లో సేవ్ అయి ఉంటే చాలు.

వేరియబుల్‌లో ఉన్న ఆబ్జెక్టు ఫలానా క్లాసుదేనా అని ఎలా చూడాలి?

ఇన్‌స్టన్స్‌ఆఫ్ వాడండి.

    ఇఫ్ ($చెల్లింపు ఇన్‌స్టన్స్‌ఆఫ్ కార్డుచెల్లింపు) {
        $చెల్లింపు->తిరిగిపంపు();
    }

ఇది ఫంక్షన్ కాదు, ప్లస్, మైనస్‌ల్లాగే ఒక ఆపరేటర్. 2004లో పీహెచ్‌పీ 5తో వచ్చింది. ఎడమవైపు ఆబ్జెక్టు, కుడివైపు క్లాసు పేరు. క్లాసు పేరుకు కోట్స్ పెట్టకూడదు, పెడితే పార్స్ ఎర్రర్ వస్తుంది. ఆబ్జెక్టు సరిగ్గా ఆ క్లాసుదే అయినా, దాని నుంచి పుట్టిన చైల్డ్ క్లాసుదైనా ట్రూ వస్తుంది. కుడివైపు ఇంటర్‌ఫేస్ (ఏ మెథడ్లు ఉండాలో చెప్పే ఒప్పందం) పేరు రాస్తే, ఆ ఇంటర్‌ఫేస్‌ను ఇంప్లిమెంట్ చేసిన ఏ క్లాసు ఆబ్జెక్టుకైనా ట్రూయే. క్లాసు లోపల ఉన్నప్పుడు కుడివైపు సెల్ఫ్ అని గానీ స్టాటిక్ అని గానీ రాసుకోవచ్చు.

వేరియబుల్‌లో నల్ ఉంటే ఎర్రర్ వస్తుందా?

రాదు, ఫాల్స్ వస్తుంది. స్ట్రింగ్, అంకె, అర్రే ఏది ఉన్నా ఫాల్సే. అందుకే ముందు నల్ కాదని చూసి, ఆ తర్వాత అండ్ పెట్టి ఇన్‌స్టన్స్‌ఆఫ్ రాయడం అనవసరం. ఆ మొదటి సగం తీసేయండి, కండిషన్ చదవడానికి తేలికవుతుంది. వేరియబుల్ బదులు నేరుగా ఒక అంకెనో నల్‌నో ఎడమవైపు రాస్తే పీహెచ్‌పీ 7.3కి ముందు ఫేటల్ ఎర్రర్ వచ్చేది. ఇప్పుడు అదీ ఫాల్సే ఇస్తుంది.

"ఆ క్లాసుది కాకపోతే" అని రాయాలంటే బ్రాకెట్లు తప్పనిసరా?

పీహెచ్‌పీలో తప్పనిసరి కాదు. ఆశ్చర్యార్థకం కంటే ఇన్‌స్టన్స్‌ఆఫ్ ముందు పని చేస్తుంది. కాబట్టి ఈ రెండూ ఒకటే:

    ఇఫ్ (!$చెల్లింపు ఇన్‌స్టన్స్‌ఆఫ్ కార్డుచెల్లింపు)
    ఇఫ్ (!($చెల్లింపు ఇన్‌స్టన్స్‌ఆఫ్ కార్డుచెల్లింపు))

అయినా నేను రెండోదే రాస్తాను. జావాస్క్రిప్ట్‌లో మొదటి పద్ధతి తప్పు. అక్కడ ముందు ఆశ్చర్యార్థకం వేరియబుల్‌కి తగిలి అది ట్రూనో ఫాల్సో అయిపోతుంది, ఆ తర్వాత క్లాసు చూస్తుంది. ఒకే రోజు రెండు భాషల్లో కోడ్ రాసేవాళ్లు బ్రాకెట్లు అలవాటు చేసుకుంటే ఏ ఫైల్లో ఉన్నామో గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు.

వార్_డంప్ చేస్తే ఆ క్లాసు ఆబ్జెక్టే కనిపిస్తోంది. కండిషన్ మాత్రం ఫాల్స్ అంటోంది. ఎందుకు?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి. పదిలో తొమ్మిదిసార్లు కారణం నేమ్‌స్పేస్, అంటే క్లాసు పేరుకు ముందు ఇంటిపేరులా ఉండే భాగం.

ఫైలు పైన ఇలా ఉందనుకోండి:

    నేమ్‌స్పేస్ షాపు\రీఫండ్;

ఈ ఫైల్లో ఎక్కడైనా ఇన్‌స్టన్స్‌ఆఫ్ కార్డుచెల్లింపు అని రాస్తే, పీహెచ్‌పీ దాన్ని షాపు\రీఫండ్\కార్డుచెల్లింపు అని చదువుకుంటుంది. అసలు క్లాసు ఉన్నదేమో షాపు\చెల్లింపులు\కార్డుచెల్లింపు. పైన ఆ పూర్తి పేరుతో యూజ్ లైను రాసి ఉంటే సరిపోయేది. అది మర్చిపోతే, లేని క్లాసు గురించి అడిగినట్టు అవుతుంది.

అసలు చిక్కు ఏమిటంటే, లేని క్లాసు గురించి అడిగినా ఇన్‌స్టన్స్‌ఆఫ్ నోరు విప్పదు. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, క్లాసు ఉన్న ఫైలును వెతికి తెచ్చే ఆటోలోడర్‌ను పిలవడం కూడా లేదు. ఫాల్స్ అని ఊరుకుంటుంది. అదే క్లాసును న్యూతో సృష్టించబోతే వెంటనే "క్లాసు దొరకలేదు" అని ఎర్రర్ వచ్చేది. ఫంక్షన్ ప్యారామీటర్ టైపుగా రాసి ఉంటే మొదటి కాల్‌లోనే టైప్‌ఎర్రర్ వచ్చేది. ఇక్కడ మాత్రం మౌనం.

దీని వెనక తర్కం ఉంది. ఒక క్లాసు ఆబ్జెక్టు మెమరీలో ఉందంటే ఆ క్లాసు అప్పటికే లోడై ఉండాలి. క్లాసే లోడ్ కాకపోతే దాని ఆబ్జెక్టు ఉండే అవకాశమే లేదు. కాబట్టి "కాదు" అనే జవాబు తర్కం ప్రకారం నిజమే. అయితే అడిగిన పేరే తప్పని చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు.

నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో సరిగ్గా ఇలాగే జరిగింది. రీఫండ్ కోడ్‌ని సర్దుతూ ఒక ఫైలును వేరే ఫోల్డర్‌కి మార్చాను, నేమ్‌స్పేస్ లైను మార్చాను, యూజ్ లైను చేర్చలేదు. కార్డు చెల్లింపైతే బ్యాంకుకు పంపాలి, కాకపోతే చేతితో చూసే జాబితాలో వేయాలి. ఆ రోజు నుంచి ప్రతి రీఫండూ జాబితాలోకే వెళ్లింది. లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు. టెస్టులన్నీ పాస్. ఆ ఎల్స్ దారికి కూడా టెస్టు ఉంది, అది పచ్చగానే ఉంది. జాబితా ఎందుకింత పొడుగైందని ఒకరు అడిగేదాకా నాకు తెలియలేదు. డబ్బు కోసం ఎదురుచూస్తున్న మనుషులు ఆ జాబితాలో ఉన్నారన్నది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. అప్పటినుంచి ఇన్‌స్టన్స్‌ఆఫ్ కనిపించిన ప్రతిచోటా ఫైలు పైకి వెళ్లి యూజ్ లైను చూసుకోవడం అలవాటైంది.

మీకు ఇదే అనుమానం వస్తే రెండు పనులు చేయండి. వార్_డంప్‌లో వచ్చిన పేరును చివరి ముక్కే కాకుండా మొదటి నుంచి చదవండి. ఆపైన, కండిషన్‌కి ముందు లైనులో కార్డుచెల్లింపు::క్లాస్ అని ఎకో చేయండి. ఈ ఫైల్లో ఆ పేరును పీహెచ్‌పీ ఎలా అర్థం చేసుకుంటోందో పూర్తి రూపంలో కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెడితే తేడా కంటికి కొడుతుంది. ఈ ::క్లాస్ కూడా ఆ క్లాసు నిజంగా ఉందో లేదో చూడదు, పేరును విప్పి చూపిస్తుందంతే. ఇది 5.5 నుంచి ఉంది.

శాశ్వతంగా పీడ వదిలించుకోవాలంటే పీహెచ్‌పీస్టాన్ గానీ సామ్ గానీ ప్రాజెక్టులో పెట్టండి. కోడ్‌ని నడపకుండానే చదివి, ఇన్‌స్టన్స్‌ఆఫ్ పక్కన ఉన్న క్లాసు లేదని అవి చెప్తాయి.

క్యాచ్ బ్లాకులో కూడా ఇదే సమస్య ఉంటుందా?

ఉంటుంది. క్యాచ్ చేసేది లోపల ఇన్‌స్టన్స్‌ఆఫ్ పనే. నేమ్‌స్పేస్ ఉన్న ఫైల్లో క్యాచ్ (ఎక్సెప్షన్ $త) అని రాస్తే అది షాపు\రీఫండ్\ఎక్సెప్షన్ అవుతుంది, ఏదీ పట్టుకోదు, నోరెత్తదు. ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి లేదా యూజ్ రాయండి. ఇంకొకటి: 7.0 నుంచి ఎర్రర్, ఎక్సెప్షన్ వేర్వేరు కుటుంబాలు. టైప్‌ఎర్రర్‌ను ఎక్సెప్షన్ క్యాచ్ పట్టుకోలేదు. రెంటినీ పట్టుకోవాలంటే వాటి ఉమ్మడి ఇంటర్‌ఫేస్ అయిన త్రోయబుల్ రాయాలి.

గెట్_క్లాస్‌తో పేరు తీసుకుని మూడు ఈక్వల్స్‌తో పోల్చితే తప్పా?

తప్పు కాదు, కానీ అది వేరే ప్రశ్న. ఇన్‌స్టన్స్‌ఆఫ్ "ఇది ఆ కుటుంబానిదా" అని అడుగుతుంది. గెట్_క్లాస్ పోలిక "ఇది సరిగ్గా ఆ క్లాసేనా, చైల్డ్ క్లాసు అయినా వద్దు" అని అడుగుతుంది. చాలామందికి కావాల్సింది మొదటిది, రాసేది రెండోది.

అలా రాసినవాళ్లకు ఇబ్బంది వచ్చేది ఎక్కడంటే, ఆబ్జెక్టును మధ్యలో ఇంకెవరో చుట్టి ఇచ్చినప్పుడు. డాక్ట్రిన్ అనే లైబ్రరీ డేటాబేస్ నుంచి అప్పటికి అవసరం లేని ఆబ్జెక్టు బదులు దాని స్థానంలో నిలబడే ఒక ప్రాక్సీని ఇచ్చే సందర్భాలున్నాయి. ఆ ప్రాక్సీ మీ క్లాసుకు చైల్డ్ క్లాసు. టెస్టుల కోసం పీహెచ్‌పీయూనిట్ తయారుచేసే నకిలీ ఆబ్జెక్టులు, అంటే మాక్‌లూ అంతే. ఇన్‌స్టన్స్‌ఆఫ్‌కి రెండూ సమ్మతమే. పేరు పోల్చిన కోడ్ మాత్రం టెస్టులో ఒకలాగా, నిజమైన డేటాతో మరొకలాగా ప్రవర్తిస్తుంది.

పేరును చేత్తో స్ట్రింగుగా రాసి పోల్చితే ఇంకో ఇబ్బంది కూడా ఉంది. పీహెచ్‌పీలో క్లాసు పేర్లకు క్యాపిటల్, స్మాల్ అక్షరాల తేడా లేదు. ఇన్‌స్టన్స్‌ఆఫ్ ఆ తేడాను పట్టించుకోదు. కానీ గెట్_క్లాస్ ఇచ్చేది మామూలు స్ట్రింగు, స్ట్రింగుల పోలికకు ఒక్క అక్షరం తేడా అయినా తేడాయే. క్లాస్_ఎలియాస్‌తో పెట్టిన మారుపేరుతో పోల్చినా దెబ్బతింటారు, ఎందుకంటే గెట్_క్లాస్ ఎప్పుడూ అసలు పేరే చెప్తుంది.

సరిగ్గా అదే క్లాసు కావాల్సిన చోటు నా లెక్కలో ఒకటుంది. రెండు ఆబ్జెక్టులు సమానమా అని చెప్పే మెథడ్ రాసేటప్పుడు. పేరెంట్ క్లాసులో ఇన్‌స్టన్స్‌ఆఫ్ సెల్ఫ్ అని రాస్తే, పేరెంట్ చైల్డ్‌తో సమానమని ఒప్పుకుంటుంది. చైల్డ్ తన మెథడ్‌లో తన సెల్ఫ్‌తో చూస్తే పేరెంట్‌ను ఒప్పుకోదు. అటు నుంచి అడిగితే ఔను, ఇటు నుంచి అడిగితే కాదు. అక్కడ $దిస్::క్లాస్ === $వేరొకటి::క్లాస్ అని రాయడమే న్యాయం. ఆబ్జెక్టు మీద ::క్లాస్ రాసే వీలు 8.0లో వచ్చింది. ::కి ఎడమవైపు ఆబ్జెక్టు లేకపోతే ఇది టైప్‌ఎర్రర్ ఇస్తుంది, ఫాల్స్ కాదు.

ఈజ్_ఎ ఫంక్షన్‌కీ ఇన్‌స్టన్స్‌ఆఫ్‌కీ తేడా ఏమిటి?

ఆబ్జెక్టు ఇచ్చినప్పుడు జవాబు ఒకటే. ఈజ్_ఎ పీహెచ్‌పీ 4 కాలం నాటిది. ఇన్‌స్టన్స్‌ఆఫ్ వచ్చాక 5.0లో దాన్ని వాడొద్దన్నారు, 5.3లో ఆ మాట వెనక్కి తీసుకున్నారు. 5.3.7లో అది స్ట్రింగును కూడా క్లాసు పేరుగా తీసుకుని ఆటోలోడర్‌ను పిలవడం మొదలుపెట్టింది. ఎవరో పంపిన స్ట్రింగుతో ఆటోలోడర్ నడవడమంటే భద్రతకు ముప్పే కదా. అందుకే 5.3.9లో మూడో ఆర్గ్యుమెంట్ చేర్చారు. అది ట్రూ అని ఇస్తే తప్ప స్ట్రింగును ముట్టుకోదు.

చేతిలో ఆబ్జెక్టు కాకుండా క్లాసు పేరే ఉన్నప్పుడు ఈజ్_ఎ పనికొస్తుంది. ఉదాహరణకు కాన్ఫిగ్ ఫైల్లోంచి ఒక క్లాసు పేరు చదివారు, దాన్ని సృష్టించే ముందు అది చెల్లింపు కుటుంబానిదేనా అని చూడాలి:

    ఇఫ్ (ఈజ్_ఎ($పేరు, చెల్లింపు::క్లాస్, ట్రూ))

ఈజ్_సబ్‌క్లాస్_ఆఫ్ కూడా స్ట్రింగును తీసుకుంటుంది, అడక్కుండానే తీసుకుంటుంది. కానీ సరిగ్గా అదే క్లాసు ఇస్తే ఫాల్స్ అంటుంది, చైల్డ్ క్లాసుకే ట్రూ.

కుడివైపు క్లాసు పేరు వేరియబుల్‌లో ఉంటే?

నేరుగా రాయొచ్చు: $ఆబ్జెక్టు ఇన్‌స్టన్స్‌ఆఫ్ $క్లాసుపేరు. వేరియబుల్‌లో స్ట్రింగు ఉండాలి, లేదా మరో ఆబ్జెక్టు ఉండాలి. ఆబ్జెక్టు ఉంటే దాని క్లాసుతో పోలుస్తుంది. ఒకటి గుర్తుంచుకోండి, స్ట్రింగులో రాసిన పేరుకు మీ ఫైలులోని యూజ్ లైన్లు వర్తించవు. పూర్తి పేరు ఉండాల్సిందే. చేత్తో రాయకుండా ::క్లాస్‌తో పుట్టించిన స్ట్రింగే వేరియబుల్‌లో పెడితే ఈ బాధ ఉండదు. 8.0 నుంచి కుడివైపు బ్రాకెట్లలో ఏ ఎక్స్‌ప్రెషన్ అయినా రాయొచ్చు.

డేట్‌టైమ్ ఉందో లేదో చూస్తున్నాను. కొన్ని తేదీలు తప్పించుకుంటున్నాయి. ఏం చేయాలి?

ఇది చాలా పాత కోడ్‌లలో కనిపిస్తుంది. ఇలాంటి ఫంక్షన్ మీ దగ్గరా ఉండొచ్చు:

    ఇఫ్ ($తేదీ ఇన్‌స్టన్స్‌ఆఫ్ డేట్‌టైమ్) {
        $సెకన్లు = $తేదీ->గెట్‌టైమ్‌స్టాంప్();
    } ఎల్స్ {
        $సెకన్లు = ఎస్‌టీఆర్‌టుటైమ్($తేదీ);
    }

తేదీ ఆబ్జెక్టుగానో స్ట్రింగుగానో వస్తుందని రాసినవాళ్లు అనుకున్నారు. 5.5లో డేట్‌టైమ్‌ఇమ్యూటబుల్ వచ్చింది. అది డేట్‌టైమ్‌కి చైల్డ్ కాదు, పక్కింటి క్లాసు. కాబట్టి అలాంటి ఆబ్జెక్టు ఎల్స్‌లోకి జారుతుంది, స్ట్రింగు కోరే ఫంక్షన్ చేతికి ఆబ్జెక్టు అందుతుంది. కుడివైపు డేట్‌టైమ్‌ఇంటర్‌ఫేస్ అని రాస్తే రెండూ లోపలికి వస్తాయి. కార్బన్ అనే తేదీల లైబ్రరీ వాడేవాళ్ల తేదీలు కూడా వస్తాయి.

అలా మార్చాక ఇఫ్ లోపల ఏం పిలుస్తున్నారో కూడా చూసుకోండి. గెట్‌టైమ్‌స్టాంప్, ఫార్మాట్, డిఫ్ ఇంటర్‌ఫేస్‌లో ఉన్నాయి. మాడిఫై లేదు. డేట్‌టైమ్‌లో మాడిఫై ఆ ఆబ్జెక్టునే మార్చేస్తుంది. ఇమ్యూటబుల్‌లో మాత్రం కొత్త ఆబ్జెక్టు ఇస్తుంది, పాతది అలాగే ఉంటుంది. ఇచ్చినదాన్ని పట్టుకోకపోతే తేదీ మారదు, ఎర్రర్ కూడా రాదు. తేదీని మార్చే పని ఉంటే మొదటే డేట్‌టైమ్‌ఇమ్యూటబుల్::క్రియేట్‌ఫ్రమ్‌ఇంటర్‌ఫేస్‌తో ఒకే రూపంలోకి తెచ్చుకోండి. ఈ మెథడ్ 8.0 నుంచి ఉంది.

ట్రెయిట్ వాడిన క్లాసు అని ఇన్‌స్టన్స్‌ఆఫ్‌తో తెలుస్తుందా?

తెలియదు. ట్రెయిట్ అంటే క్లాసుల్లో కలుపుకునే మెథడ్ల మూట, దాని పేరు రాస్తే ఎప్పుడూ ఫాల్సే. క్లాస్_యూజెస్ ఫంక్షన్ ఉంది గానీ అది ఆ క్లాసు నేరుగా వాడిన ట్రెయిట్లే చెప్తుంది, పేరెంట్ వాడినవి చెప్పదు. ట్రెయిట్‌తో పాటు ఒక ఇంటర్‌ఫేస్ రాసి, క్లాసు రెండూ తీసుకునేలా చేసి, ఇంటర్‌ఫేస్‌తో చూడండి.

ఊరికే ఇఫ్ ($ఆబ్జెక్టు) అని రాస్తే సరిపోదా? ఆబ్జెక్టు ఎప్పుడూ ట్రూయే కదా?

దాదాపు ఎప్పుడూ. సింపుల్‌ఎక్స్ఎంఎల్ దగ్గర కాదు. సింపుల్‌ఎక్స్ఎంఎల్_లోడ్_స్ట్రింగ్ విఫలమైతే ఫాల్స్ ఇస్తుంది. కానీ అట్రిబ్యూట్లు, లోపలి ఎలిమెంట్లు ఏవీ లేని ఖాళీ ఎలిమెంట్ వచ్చినా ఆ ఆబ్జెక్టు ఇఫ్‌లో ఫాల్స్‌గానే లెక్కకొస్తుంది. అంటే సరైన ఎక్స్ఎంఎల్‌ను పాడైన ఎక్స్ఎంఎల్ అనుకుని తిప్పి పంపేస్తాం. === ఫాల్స్ అని చూడండి, లేదా ఇన్‌స్టన్స్‌ఆఫ్ సింపుల్‌ఎక్స్ఎంఎల్‌ఎలిమెంట్ అని చూడండి.

నాలుగైదు క్లాసులు ఉంటే ఇఫ్, ఎల్స్ఇఫ్ వరస తప్ప దారి లేదా?

8.0 నుంచి మ్యాచ్ ఉంది:

    $రుసుము = మ్యాచ్ (ట్రూ) {
        $చ ఇన్‌స్టన్స్‌ఆఫ్ వాయిదాకార్డు => 30,
        $చ ఇన్‌స్టన్స్‌ఆఫ్ కార్డుచెల్లింపు => 20,
        $చ ఇన్‌స్టన్స్‌ఆఫ్ నగదుచెల్లింపు => 0,
    };

వాయిదాకార్డు అనేది కార్డుచెల్లింపుకు చైల్డ్. అందుకే అది పైన ఉంది. వరస తారుమారైతే వాయిదా కార్డులన్నీ 20 దగ్గరే ఆగిపోతాయి, 30 ఎప్పటికీ రాదు. క్యాచ్ బ్లాకుల్లోనూ ఇదే నియమం: చైల్డ్ ముందు, పేరెంట్ తర్వాత.

ఇక్కడ డిఫాల్ట్ కావాలనే రాయలేదు. ఏదీ కలవకపోతే మ్యాచ్ అన్‌హ్యాండిల్డ్‌మ్యాచ్‌ఎర్రర్ విసురుతుంది. నా రీఫండ్ కోడ్ ఆ రోజు ఇలా రాసి ఉంటే, యూజ్ లైను మర్చిపోయిన మొదటి నిమిషంలోనే గట్టిగా పగిలేది.

కోడ్ సర్వర్‌లో పెట్టాక కొంతమందికే కండిషన్ ఫాల్స్ అవుతోంది. మళ్లీ లాగిన్ అయితే బాగవుతోంది. ఎందుకు?

సెషన్‌లో ఆబ్జెక్టులు దాస్తున్నారా? సెషన్‌లో ఆబ్జెక్టుతో పాటు దాని క్లాసు పూర్తి పేరు కూడా నిల్వ అవుతుంది. మీరు క్లాసు పేరో నేమ్‌స్పేసో మార్చి కొత్త కోడ్ పెట్టారు. పాత సెషన్లలో ఇంకా పాత పేరే ఉంది. తిరిగి చదివేటప్పుడు ఆ క్లాసు దొరక్క పీహెచ్‌పీ దాన్ని __పీహెచ్‌పీ_ఇన్‌కంప్లీట్_క్లాస్ ఆబ్జెక్టుగా తయారుచేస్తుంది. ఈజ్_ఆబ్జెక్ట్ దానికి 7.2 నుంచి ట్రూ అంటుంది, మీ ఇన్‌స్టన్స్‌ఆఫ్ మాత్రం ఫాల్స్ అంటుంది. లాగౌట్ అయి మళ్లీ వచ్చినవాళ్లకు కొత్త సెషన్ కాబట్టి బాగుంటుంది. సెషన్_స్టార్ట్‌కి ముందే క్లాస్_ఎలియాస్‌తో పాత పేరును కొత్త క్లాసుకు కట్టేస్తే పాత సెషన్లలో కూడా కండిషన్ ట్రూ అవుతుంది. సెషన్‌లో ఆబ్జెక్టు బదులు ఐడీ దాచుకుంటే ఈ తలనొప్పే ఉండదు.

ఈనమ్, క్లోజర్, పేరు లేని క్లాసుల సంగతి?

8.1లో వచ్చిన ఈనమ్‌ల (ముందే నిర్ణయించిన విలువల జాబితాల) కేసులు కూడా ఆబ్జెక్టులే, ఇన్‌స్టన్స్‌ఆఫ్ పనిచేస్తుంది. ఏ కేసో చూడడానికి === చాలు. ఫంక్షన్‌గా పిలవొచ్చా అన్నదే మీ ప్రశ్న అయితే క్లోజర్ (పేరు లేని ఫంక్షన్) కోసం కాకుండా ఈజ్_కాలబుల్‌తో చూడండి. పేరు లేని క్లాసును పేరుతో పోల్చే ప్రయత్నం చేయకండి, దాని పేరులో ఫైలు దారి కూడా కలిసి ఉంటుంది. ఎర్రర్ సందేశంలో టైపు చూపించాలంటే 8.0లో వచ్చిన గెట్_డీబగ్_టైప్ వాడండి. నల్, అంకె, ఆబ్జెక్టు ఏది ఇచ్చినా చదవగలిగే పేరు ఇస్తుంది.

అర్రేలోంచి ఒక క్లాసు ఆబ్జెక్టులే ఏరాలి.

    $కార్డులు = అర్రే_వాల్యూస్(అర్రే_ఫిల్టర్($అన్నీ,
        ఎఫ్ఎన్ ($చ) => $చ ఇన్‌స్టన్స్‌ఆఫ్ కార్డుచెల్లింపు));

అర్రే_వాల్యూస్ తీసేయకండి. అర్రే_ఫిల్టర్ పాత కీలను అలాగే ఉంచుతుంది. మధ్యలో ఖాళీలు పడిన అర్రేను జేసన్‌గా మారిస్తే జాబితా కాస్తా ఆబ్జెక్టు అయిపోతుంది, అవతలి జావాస్క్రిప్ట్ కోడ్ తికమకపడుతుంది.

కోడ్ నిండా ఇన్‌స్టన్స్‌ఆఫ్ ఉంటే డిజైన్ బాగోలేనట్టేనా?

ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి. బయటి నుంచి వచ్చిన విలువను గుమ్మం దగ్గర చూడడం, పట్టుకున్న ఎర్రర్ ఏ రకమో చూడడం, సమానత్వం చూడడం, ఇవన్నీ సరైన వాడకాలే. ఫంక్షన్‌లోకి వచ్చేది ఒకే రకం కావాలంటే మాత్రం ఇఫ్ బదులు ప్యారామీటర్‌కి టైపు రాయండి. అప్పుడు తప్పు విలువ ఎల్స్‌లోకి జారుకోకుండా టైప్‌ఎర్రర్‌గా బయటపడుతుంది.

పైన చూపిన రుసుము మ్యాచ్ మాత్రం నాకు నచ్చదు, పాఠం కోసం రాశాను. రుసుము ఎంతో చెల్లింపుకే తెలుసు. చెల్లింపు ఇంటర్‌ఫేస్‌లో రుసుము() అనే మెథడ్ పెడితే, పిలిచేచోట $చ->రుసుము() అన్న ఒక్క లైను మిగులుతుంది. రేపు ఇంకో చెల్లింపు రకం చేర్చినవాళ్లు ఆ మెథడ్ రాయకపోతే క్లాసు లోడవగానే ఫేటల్ ఎర్రర్ వస్తుంది. ఆ ఇంటర్‌ఫేస్ మీ చేతిలో లేనప్పుడు, వేరేవాళ్ల లైబ్రరీ క్లాసులతో పని చేస్తున్నప్పుడు మ్యాచ్ రాయక తప్పదు. అప్పుడు కూడా ఒక్కచోటే రాయండి, డిఫాల్ట్ లేకుండా రాయండి, పైకి వెళ్లి యూజ్ లైన్లు చూసుకోండి.